సెల్ఫ్ మోటారు మీది సొట్టలు

డిసెంబరు మొదటి వారంలో ఒక బుధవారం ఉదయం ఎనిమిదీ పదికి కారు స్టార్ట్ కాలేదు. తాళం తిప్పితే ఇంజను వైపు ఎక్కడో టక్ మని ఒక్క చప్పుడు వచ్చింది. ఇంకేమీ లేదు. మళ్ళీ తిప్పాను, మళ్ళీ ఒక్క టక్. ఆరుసార్లు తిప్పి ఆరు టక్కులు విన్నాక తాళం తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఆ చప్పుడు నాకు తెలుసు. ఫిబ్రవరిలో ఒక శుక్రవారం, తెల్లవారుజామున ఐదూ ఇరవైకి, మావారు వెనక సీట్లో ఛాతీ పట్టుకుని ఒరిగి ఉండగా ఇదే షెడ్డులో ఇదే చప్పుడు విన్నాను. ఆయన చెయ్యెత్తి ఏదో చెప్పబోయారు. మాట్లాడకండి, ఆయాసం వస్తుంది అన్నాను. ఎదురింటావిడ పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం కలిసి కారు తోశాం. షెడ్డు గచ్చు వీధి కంటే జానెడు పల్లం, బండి కదల్లేదు. ఆవిడ ఆటో కోసం కాలవ వంతెన దాకా వెళ్ళింది, అక్కడ ఒక్క ఆటో కూడా లేదు. అంబులెన్సు వచ్చేసరికి ముప్ఫై నాలుగు నిమిషాలు పట్టింది. ఆస్పత్రిలో, ఇంకో అరగంట ముందు వచ్చి ఉంటే ఏమైనా ఉండేదా అని నేనే డాక్టర్ని అడిగాను. ఉండొచ్చేమోనమ్మా, చెప్పలేను అన్నాడు. నేను అడిగాను, అతను చెప్పాడు. అంతే.

ఆ సాయంత్రం ఇంటి నిండా జనం ఉండగా నేను షెడ్డులోకి వెళ్ళి కారు తలుపు తీశాను. పైకప్పుకున్న చిన్న లైటు స్విచ్చి ఆన్ మీద ఉంది. గురువారం రాత్రి ఎనిమిదిన్నరకి ఆయన కళ్ళజోడు పెట్టె కోసం కార్లో వెతికింది నేనే. ఆ లైటు వేసింది నేనే. ఆర్పినట్టు గుర్తు లేదు. మర్నాడు మా అల్లుడు బ్యాటరీ అయిపోయి ఉంటుందత్తయ్యా అని కొత్తది తెచ్చి పెట్టాడు. బండి ఒక్క తిప్పుకి స్టార్టయింది. దాంతో నా తప్పు నాకు ఖాయమైంది.

నేను తెనాలిలో ఆడపిల్లల కాలేజీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఫిజిక్స్ లాబ్‌లో పనిచేశాను. లెక్క వేయకుండా ఉండలేదు. బల్బు పది వాట్లు. పన్నెండు వోల్టుల మీద సుమారు 0.83 ఆంపియర్లు. ఎనిమిదిన్నర నుంచి ఐదూ ఇరవై దాకా ఎనిమిది గంటల యాభై నిమిషాలు. మొత్తం ఏడుంపావు ఆంపియర్-అవర్ల కన్నా కాస్త ఎక్కువ. బ్యాటరీ సామర్థ్యం ముప్ఫై అయిదు. అంటే అయిదో వంతు. లెక్క ప్రకారం బండి స్టార్టవ్వాలి. కానీ ఆ బ్యాటరీకి నాలుగేళ్ళు నిండాయి, పాత బ్యాటరీ దగ్గర పుస్తకం లెక్క నిలవదు. ఈ లెక్కని పది నెలల్లో చాలాసార్లు వేశాను. ప్రతిసారీ అక్కడిదాకా వచ్చి ఆగాను. నా దగ్గర మీటరు ఉంది. పాత బ్యాటరీ చాలా రోజులు మా వరండాలోనే ఉంది. ఒక్కసారి పెట్టి చూస్తే తెలిసిపోయేది. తెలిసిపోతుందనే చూడలేదు. తర్వాత దాన్ని పాతసామాన్ల వాడు పట్టుకెళ్ళాడు.

ఈ బుధవారం మాత్రం లైటు ఆఫ్‌లో ఉంది. తలుపు తీసీ తీయగానే ముందు అదే చూశాను. బ్యాటరీకి పది నెలలు, ఈ పది నెలల్లో బండి బయటికి తీసింది తక్కువే. చప్పుడు మాత్రం అదే. లోపలికెళ్ళి మీటరు తెచ్చాను. నేను రిటైరైన రోజున లాబ్ వాళ్ళు ఇచ్చిన మీటరు అది. బ్యాటరీ దగ్గర 12.6 చూపించింది. హెడ్‌లైట్లు వేస్తే షెడ్డు గోడ తెల్లగా వెలిగింది. ఇంతకు మించి చూడాలంటే ఒకరు తాళం తిప్పాలి, ఒకరు మీటరు చూడాలి. రెండో శనివారం మా అమ్మాయికి బ్యాంకు సెలవు, బాపట్ల నుంచి వస్తానంది. మూడు రోజులు ఆగాను.

అమ్మాయి శనివారం తొమ్మిదిన్నరకి వచ్చింది. కాఫీ తాగుతూ నేను చెప్పింది వింది.

"అమ్మా, మెకానిక్కుని పిలిస్తే అరగంటలో అయిపోతుంది కదా."

"అతను వచ్చి బ్యాటరీ మార్చమంటాడు."

"మారుద్దాం."

"బ్యాటరీ బాగుంది."

"అయితే ఏంటి నీ ఉద్దేశం? ఈ వయసులో బండి కింద దూరతావా?"

"కిందకి అక్కర్లేదు. ఫిల్టరు డబ్బా తీస్తే పైనించే కనిపిస్తుంది సెల్ఫ్. నువ్వు తాళం తిప్పితే చాలు."

"నేను నీ లాబ్‌లో పిల్లని కాదు, తెలుసుగా. యాభై దగ్గరపడుతున్నాయి."

"గేరు న్యూట్రల్లో ఉందో లేదో చూడు. హ్యాండ్ బ్రేకు వెయ్యి."

వేసింది. సణుగుతూనే వేసింది.

ముందు ఎర్త్ వైరు చూశాను. బాడీకి బిగించిన బోల్టు చుట్టూ పసుపు గట్టిపడి ఉంది. ప్రతి దసరాకీ ఆయన బ్యాటరీకీ, హారన్‌కీ, ఇంజనుకీ పసుపు రాసి బొట్లు పెట్టేవారు. మిగిలిన పసుపంతా ఆ బోల్టుకే పూసేవారు. ఈ దసరాకి మాకు పూజ లేదు. కిందటేడాది పసుపే తుప్పుతో కలిసి అలాగే ఉంది. విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మెరిసేదాకా తుడిచి మళ్ళీ బిగించాను.

"ఇప్పుడు తిప్పు."

టక్.

అది కాదన్నమాట. సెల్ఫ్‌కి, అంటే ఇంజనుని తిప్పి స్టార్ట్ చేసే మోటారుకి, రెండు లావు బోల్టులుంటాయి. ఒకదానికి బ్యాటరీ నుంచి కరెంటు వస్తుంది. తాళం తిప్పినప్పుడు లోపల స్విచ్చి మూసుకుని టక్ మంటుంది, అప్పుడు రెండో బోల్టుకి, అక్కడ్నుంచి మోటారుకి కరెంటు వెళ్తుంది. మొదటి బోల్టు మీద 12.4. రెండోదాని మీద, అమ్మాయి తాళం తిప్పి పట్టుకున్నప్పుడు, 12.3. కరెంటు గుమ్మం దాకా వస్తోంది, మోటారు తీసుకోవడం లేదు. తీసుకుని ఉంటే ఆ అంకె పదికి పడిపోయేది. జబ్బు మోటారు లోపలే ఉంది.

"ఇంకోసారి తిప్పు. అలాగే పట్టుకో."

అమ్మాయి వంగినప్పుడు మోచెయ్యి తగిలి హారన్ మోగింది. షెడ్డు మొత్తం మోగిపోయింది. ఎదురింటి కుక్క మొరిగింది.

"సారీ సారీ. ఇప్పుడు ఎదురింటి పిన్నిగారు మళ్ళీ పరుగెత్తుకొస్తారు చూడు."

"మళ్ళీ ఏంటి?"

"ఆ రోజు నీ హారన్ విని కదా లేచానన్నారు. పదో రోజున నాతో చెప్పారు. మీ అమ్మ ఆపకుండా కొట్టింది, వీధి చివరిదాకా వినపడింది, ఏదో జరిగిందని పరుగెత్తుకొచ్చా అని."

నేను మీటరు పుల్లలు అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ నిద్రలోంచి లేచి వచ్చిందని తెలుసు. ఎలా లేచిందని నేను అడగలేదు. హారన్ కొట్టినట్టు నాకు గుర్తే లేదు. ఏ రోజుది ఆ రోజు టైములతో సహా రాసుకునే నా పుస్తకంలో ఆ రోజు పేజీ ఖాళీ.

"వీధి చివరిదాకా అందా? ఖాయంగా అంతే అందా?"

"అంతే అన్నారు. ఏమైందమ్మా?"

అప్పుడు చెప్పాను. లైటు సంగతి, స్విచ్చి ఆన్‌లో ఉండటం, ఏడుంపావు ఆంపియర్-అవర్ల లెక్క, అన్నీ. బ్యాటరీ చచ్చిపోతే హారన్ పిల్లికూతలా వస్తుంది, వీధి చివరిదాకా వినపడదు అని చెప్పాను. టక్ మని ఒకే ఒక్కసారి గట్టిగా కూడా అనదు.

అమ్మాయి స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి విన్నది.

"పది నెలల నుంచి ఇది మనసులో పెట్టుకున్నావా?"

"ఊ."

"నాతో ఒక్క మాట అనలేదేంటి?"

"చూడకుండా ఏం చెప్తాను?"

"నీతో వేగలేమమ్మా," అంది. నాకు తేలిక అనిపించాలి. లోపల వెతుక్కున్నాను. ఏమీ దొరకలేదు. పన్నెండో నంబరు పానా అందించమన్నాను.

బ్యాటరీ నెగెటివ్ వైరు ముందు విప్పాలి. లేకపోతే లావు వైరుకి పానా తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. తర్వాత ఫిల్టరు డబ్బా, లావు వైరు నట్టు, సన్న వైరు క్లిప్పు. మోటారుని పట్టి ఉంచే బోల్టులు రెండే. పై బోల్టు పది నిమిషాల్లో వచ్చింది. కింది దానికి యాభై నిమిషాలు పట్టింది. నూనె పోసి ఆగి, పానాకి పాత ఇనపగొట్టం తొడిగి, ఇద్దరం కలిసి లాగితే కదిలింది.

ఆ గొట్టం డ్రైవరు సీటు కింద దొరికింది. మూరెడు పొడుగు, ఒక కొసకి గుడ్డ చుట్టి ఉంది. ఆయన కుక్కల కోసమని పెట్టుకున్నారని నేననుకునేదాన్ని.

మోటారు పన్నెండూ నలభైకి బయటికి వచ్చింది. కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. మసి పోయాక మోటారు ఒంటి మీద ఒకే పక్కన, ఒకే చోట సొట్టలు బయటపడ్డాయి. గుండ్రంగా, చిన్నవి. కింద పడితే పడే సొట్టలు కావు. గొట్టం తెచ్చి ఆనించి చూశాను. గొట్టం అంచు సొట్టలో సరిగ్గా కూర్చుంది. లెక్కపెట్టాను. పంతొమ్మిది. ఒకదాని మీద ఒకటి పడినవి విడిగా లెక్కకి రాలేదు.

"ఏంటవి?" అంది అమ్మాయి.

"మీ నాన్న దీన్ని కొట్టేవారు."

"ఎందుకు?"

"తెలుసుకుందాం పద."

ఆయన బండిని ఒక్క మనిషి చేతే బాగుచేయించేవారు. ఆ ఎలక్ట్రీషియన్ మునుపు తెనాలిలో ఉండేవాడు, ఇప్పుడు రేపల్లెలో బస్టాండు పక్కన కొట్టు పెట్టుకున్నాడు. మోటారుని పాత తువ్వాల్లో చుట్టి, బియ్యం సంచిలో వేసుకుని రేపల్లె రైలెక్కాం. వేమూరు దాటేదాకా అమ్మాయి సంచిని ఒళ్ళోనే పెట్టుకుంది. పక్క సీటు ఆవిడ "చేపలా అమ్మా?" అని అడిగింది. "కాదండి, సెల్ఫ్ మోటారు," అని మా అమ్మాయి మామూలుగా చెప్పేసరికి ఆవిడ ఇంకేమీ అడగలేదు.

ఎలక్ట్రీషియన్‌కి అరవై దాటాయి. తువ్వాలు విప్పగానే మోటారుని తిప్పి చూశాడు.

"మాష్టారి బండిది కదండీ ఇది? ఈ దెబ్బలు నేను నేర్పినవే."

"మీరా?"

"మరేనండి. కిందటేడు దీపావళప్పుడు ఫోన్ చేశారు. సెల్ఫ్ ఒకసారి పడుతుంది, ఒకసారి పట్టట్లేదయ్యా అన్నారు. లోపల బ్రష్‌లు అరిగుంటాయి మాష్టారూ, బండి తీసుకొచ్చెయ్యండి అన్నాను. ఈలోగా మొరాయిస్తే గొట్టంతో రెండు దెబ్బలెయ్యండి, బ్రష్‌లు కదిలి పట్టుకుంటుంది అన్నాను. బండిని మాత్రం పల్లానికి మొహం పెట్టి ఉంచుకోండి, దానంతటదే దొర్లి స్టార్టవుద్ది అని కూడా చెప్పాను. వస్తా వస్తా అన్నారు, రాలేదు. ఆయన సంగతి మీకు తెలియందేముంది అక్కగారూ."

"నాతో చెప్పలేదు."

"చెప్తారాండీ?" అని నవ్వాడు. "అదే అన్నారు నాతో. మా ఆవిడకి తెలిస్తే రిజిస్టర్లో ఎక్కిస్తుందయ్యా, బాగయ్యేదాకా రోజూ అటెండెన్సు తీస్తుంది అని."

అమ్మాయి నా వైపు చూసింది. నేను మోటారు వైపు చూస్తున్నాను. అతను వెనక మూత విప్పి బ్రష్‌లు, లోపల తిరిగే చుట్టకి కరెంటు అందించే ముక్కలు, బయటికి తీశాడు. అంగుళంలో మూడో వంతు ఉండాల్సినవి, పప్పుగింజంత మిగిలాయి. లోపల రాగి చుట్ట కూడా కాలి నల్లబడింది.

"ఇది కట్టించినా నిలవదండి. వేరే మోటారు ఇస్తాను, ఇదే మోడల్‌ది, నేనే బాగుచేసింది. పట్టుకెళ్ళి పెట్టించండి. మాష్టారు ఎలా ఉన్నారండి? కాల్ చేసి చాలా కాలమైంది."

"ఫిబ్రవరిలో పోయారు."

స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "అయ్యో. ఏమైందండి?"

"గుండె."

అతను చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. ఎన్ని గంటలకని అడగలేదు, ఆస్పత్రికి ఎలా తీసుకెళ్ళారని అడగలేదు. అడిగినా నేను చెప్పి ఉండేదాన్ని కాదు. అతను చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. కొత్త మోటారుని బ్యాటరీకి తగిలించి తిప్పి చూపించాడు. బల్ల మీంచి దూకబోయింది. పాతది అక్కడే వదిలేసి వచ్చాం.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, దీపావళి నుంచి ఫిబ్రవరి దాకా ఒక్కొక్కటే సరిచూసుకున్నాను. మా సందు కాలవ గట్టు నుంచి కిందికి వాలుగా దిగుతుంది. మా గేటు మధ్యలో ఉంటుంది. దీపావళి తర్వాత ఆయన కారుని షెడ్డులో పెట్టడం మానేసి గేటు ముందు, మొహం కిందికి పెట్టి ఉంచేవారు. షెడ్డులోంచి వెనక్కి తియ్యడం మెడ నొప్పి అనేవారు. ఎక్కడికైనా వెళ్ళాలంటే నాకంటే ముందే బయటికి వెళ్ళేవారు. నేను తాళం వేసి సంచి పట్టుకుని వచ్చేసరికి కారు సందు చివర ఇంజను ఆడుతూ ఉండేది. నాకోసం ఏసీ వేసి చల్లబరుస్తున్నారనుకునేదాన్ని. ఆ మాట మా చెల్లెలితో గొప్పగా చెప్పాను కూడా.

కారు నిలబెట్టే చోటు నేను ముగ్గు వేసే చోటే. మూడు నెలలు దాని గురించి సాధించాను. గురువారం సాయంత్రం మళ్ళీ అన్నాను.

"రేపు శుక్రవారం. మాఘమాసం. ఒక్క రోజైనా గుమ్మం ముందు ముగ్గు వేసుకోనివ్వండి. లోపల పెట్టండి దాన్ని."

"లోపల పెడితే పొద్దున్నే తియ్యడం కష్టమే."

"పొద్దున్నే మనం ఎక్కడికెళ్ళాలి?"

ఆయన కాసేపు నిలబడ్డారు. చెబుదామనుకున్నారేమో. తర్వాత తాళం తీసుకుని వెళ్ళి కారుని షెడ్డులో పెట్టారు. అప్పుడు టైము ఆరూ పది. నీళ్ళు వచ్చే వేళ కాబట్టి గుర్తుంది.

మర్నాడు వెనక సీట్లోంచి చెయ్యెత్తి ఏం చెప్పబోయారో ఇప్పుడు నాకొక ఊహ ఉంది. ఊహని నేను పుస్తకంలో రాయను.

ఆదివారం ఉదయం ఎనిమిదికి మొదలుపెట్టి పదీ ఇరవైకి మోటారు బిగించాం. తియ్యడం కంటే పెట్టడం తేలిక. కింది బోల్టు మర ముందు చేత్తో ఎక్కించి, తర్వాత పానా వేశాను. లావు వైరు నట్టు కింద వాషరు మర్చిపోయి ఒకసారి విప్పి మళ్ళీ పెట్టాను. చివర్న నెగెటివ్ వైరు. అమ్మాయి తాళం తిప్పింది. మొదటిసారికే అందుకుంది.

"వచ్చిందమ్మా."

"ఆపు. మళ్ళీ తిప్పు."

పది సార్లు తిప్పించాను. పదింటికి పదీ స్టార్టయింది. తిప్పేటప్పుడు 10.4, ఆడేటప్పుడు 14.1. అమ్మాయి దిగి నా మొహంలోకి చూసింది.

"లైటు కాదు. రుజువైంది. ఇంక చాలా?"

"లైటు కాదు," అన్నాను.

మధ్యాహ్నం అమ్మాయిని బాపట్లలో దింపడానికి నేనే బండి తీశాను. పొన్నూరు దాటేదాకా అది బ్యాంకు సంగతులు చెబుతూనే ఉంది. రోడ్డుకి రెండు పక్కలా కోసిన వరి పనలు. మధ్యలో ఒకసారి అంది: "అయినా నాన్న ఎప్పుడూ బయటే పెట్టేవాడుగా. ఆ రోజు షెడ్డులో ఎందుకుంది?"

"నేను పెట్టమన్నాను."

"ఎందుకు?"

"ముగ్గుకి."

ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తుంటే వేగం తగ్గించాను. ట్రాక్టరు వెళ్ళిపోయాక, రోడ్డు వైపే చూస్తూ అడిగింది.

"ఆ రోజు ముగ్గు వేశావా?"

"లేదు. కళ్ళాపి కూడా చల్లలేదు."

ఆ తర్వాత వెయ్యలేదు కూడా. ఏడాది వెళ్ళేదాకా మాకు ముగ్గు లేదు. ఈ పది నెలలూ గేటు ముందు చోటంతా ఖాళీగానే ఉంది.

బాపట్లలో అమ్మాయి వాళ్ళ అపార్ట్‌మెంటు ముందు ఆగేసరికి మూడూ యాభై. లోపలికి రమ్మంది, చీకటి పడకుండా వెళ్ళాలన్నాను. దిగి, తలుపు వెయ్యకుండా అలాగే నిలబడింది.

"నాన్న చెప్పి ఉండొచ్చు కదమ్మా. ఒక్క మాట."

"చెబితే రిజిస్టర్లో ఎక్కించేదాన్ని."

"ఎక్కిస్తే ఏమయ్యేది?"

"సోమవారానికి బాగుచేయించేదాన్ని."

తలుపు వేసింది. నేను తాళం తిప్పాను. స్టార్టయింది.

ఇంటికి అయిదూ ఇరవై అయిదుకి చేరాను. కారుని షెడ్డులో పెట్టి, పైలైటు ఆఫ్‌లో ఉందో లేదో చూసి, ఇనపగొట్టాన్ని మళ్ళీ సీటు కిందే పెట్టాను. తర్వాత పుస్తకం తీసి ఫిబ్రవరి శుక్రవారం పేజీ తెరిచాను. టైము 5.20 అని రాశాను. హారన్ గట్టిగా మోగింది, ఎదురింటావిడ సాక్ష్యం. బ్యాటరీ బాగానే ఉంది. సెల్ఫ్ మోటారు బ్రష్‌లు అరిగాయి, దీపావళి నుంచి. బండి ఉన్నచోటు షెడ్డు. దాని కింద, లోపల పెట్టించింది నేను అని రాసి, సిరా తడి ఆరేదాకా ఆ పేజీ తెరిచి ఉంచాను.